రెండు పత్రికలు, ఒకే గడప

ధ్యాన వాక్యములు: 2 యోహాను 7–11; 3 యోహాను 5–10



మన యూరి పేరులోనే గడప యున్నది. వినగడప అని పలికినప్పుడెల్ల ఒక ప్రశ్న మన హృదయమును తట్టవలసియున్నది. మన యింటి గడప ఎవరికి తెరచియున్నది? ఎవరికి మూసియున్నది? ఈ నెల మనము ధ్యానించు రెండు చిన్న పత్రికలు ఈ ప్రశ్ననే అడుగుచున్నవి.

అపొస్తలుడైన యోహాను వ్రాసిన రెండవ పత్రికయు మూడవ పత్రికయు మన బైబిలులో ప్రక్కప్రక్కనే యున్నవి. రెండవ పత్రికలో ఆయన ఒక తల్లికిని ఆమె పిల్లలకును వ్రాయుచు, క్రీస్తు బోధను విడిచి వచ్చు వంచకుని ఇంట చేర్చుకొనవద్దని హెచ్చరించెను. మూడవ పత్రికలో గాయు అను విశ్వాసిని, ముఖపరిచయము లేని సహోదరులను సహితము ఆదరించినందుకు మెచ్చుకొనెను; అట్టివారిని చేర్చుకొననీయక అడ్డుపడిన దియొత్రెఫేను గద్దించెను. ఆ కాలమున సంఘములకు వేరుగా కట్టడములు లేవు. విశ్వాసుల ఇండ్లలోనే ఆరాధన జరుగుచుండెను. బోధకులు ఊరూర తిరుగుచు ఆ యిండ్లలోనే బసచేయుచుండిరి. కాబట్టి ఇంటి తలుపు తెరచుట అనగా సంఘపు తలుపు తెరచుటయే.

ఒక పత్రిక మూయుమనుచున్నది. ఒక పత్రిక తెరువుమనుచున్నది. రెండును ఒకే అపొస్తలుని మాటలు. ఒకదానిని చదివి రెండవదానిని విడిచినచో మనము చెడిపోవుదుము. మొదటిదానినే పట్టుకొన్నవాడు దియొత్రెఫే యగును. రెండవదానినే పట్టుకొన్నవాడు తోడేలునకు మంచము వేయును.

ఇది ఎట్లో గ్రహించుటకు అమెరికా దేశములో 1968, 1969 సంవత్సరములలో జరిగిన సంగతి యొకటి మీ ముందుంచుచున్నాను. ఇది క్రొత్తది కాదు; అయినను మన యువతీ యువకులలో కొందరికి ఇప్పుడిప్పుడే తెలియుచున్నది. ఏలయనగా ఈ సంగతిని గూర్చిన డాక్యుమెంటరీ చిత్రములు మరల మరల తీయబడుచున్నవి. 1973లో ఒకటి, 2020లో ఆరు భాగములుగా మరియొకటి వచ్చెను. 2025లో ఎర్రోల్ మోరిస్ అను దర్శకుడు తీసిన చిత్రమును నెట్‌ఫ్లిక్స్ వారు విడుదల చేసిరి. చేతిలోని ఫోనులోనే దానిని చూడవచ్చును. చూచిన పిల్లలు ఇట్లు అడిగినచో న్యాయమే: "లోకమంతయు మెచ్చిన సంగీతకారులు అట్టి దుర్మార్గుని తమ మధ్యకు ఎట్లు రానిచ్చిరి? వాడు బైబిలు కూడ చదివెనట గదా?" ఈ ప్రశ్నలను త్రోసివేయక, వాక్యపు వెలుగులో చూతము.

చార్లెస్ మాన్సన్ 1934లో ఒహాయో రాష్ట్రములోని సిన్సినాటి పట్టణములో పుట్టెను. తల్లి యింకను చిన్న వయస్సుది. అతడు పసివాడుగా నుండగానే ఆమె దోపిడి నేరమునకు చెరసాలకు పోయెను. అతడు బంధువుల యిండ్లలోను, బాలుర శిక్షణాలయములలోను, పిదప చెరసాలలలోను పెరిగెను. 1967 మార్చిలో విడుదలయగునప్పటికి అతనికి 32 ఏండ్లు; అందులో సగముకంటె ఎక్కువ కాలము గోడల మధ్యనే గడచెను. చెరసాలలో గిటారు వాయించుట నేర్చుకొనెను. మనుష్యుల మనస్సును ఆకట్టుకొను మాటల నేర్పును కూడ అక్కడనే సంపాదించెను. బయటకు వచ్చి సాన్ ఫ్రాన్సిస్కో చేరెను. ఆ సంవత్సరము ఇల్లు విడిచివచ్చిన యువతీ యువకులు ఆ పట్టణపు వీధులలో వేలకొలదిగా తిరుగుచుండిరి. వారిలో ఆదరణ లేనివారిని అతడు కనిపెట్టి, పాటతోను తీపి మాటతోను మత్తుమందుతోను తనచుట్టు చేర్చుకొనెను. ఆ గుంపునకు "కుటుంబము" అను పేరు వచ్చెను. ఆ పేరే మనము ఆలోచింపదగినది. కుటుంబము లేనివారికి కుటుంబమని చెప్పి వల వేసిరి.

1968 వసంతకాలమున డెన్నిస్ విల్సన్ అను యువకుడు మాలిబు దారిలో వాహనము కొరకు చెయ్యెత్తిన ఇద్దరు అమ్మాయిలను తన కారులో ఎక్కించుకొనెను. ఇతడు బీచ్ బాయ్స్ అను పేరుపొందిన పాటల బృందములో డ్రమ్ములు వాయించువాడు. వయస్సు 23 ఏండ్లు. కొలది దినములలో ఒక రాత్రి రికార్డింగు ముగించుకొని తెల్లవారుజామున లాస్ ఏంజెల్స్‌లోని తన యింటికి వచ్చెను. ఇంటిలో దీపములు వెలుగుచుండెను. ఎవడో ఒకడు లోపలినుండి ఎదురు వచ్చెను. విల్సన్ భయపడి, నాకు కీడు చేయుదువా అని అడుగగా, ఆ మనుష్యుడు మోకాళ్లూని అతని పాదములను ముద్దుపెట్టుకొనెనట. అతడే మాన్సన్. లోపల అతని గుంపు విందు చేసికొనుచుండెను.

కొన్ని నెలలు ఆ గుంపు ఆ యింటనే యుండెను. విల్సన్ బట్టలు ధరించిరి, కార్లు వాడిరి, భోజనము చేసిరి. లక్ష డాలర్ల వరకు అతనికి ఖర్చయినదని తరువాత లెక్కకట్టిరి. అతడు మాన్సన్‌ను మేధావి యని నమ్మెను. తన స్నేహితులకు పరిచయము చేసెను. వారిలో టెర్రీ మెల్చర్ అను రికార్డుల నిర్మాత యుండెను. నీల్ యంగ్ అను ప్రసిద్ధ గాయకుడు సహితము అతని పాట విని, తన రికార్డు కంపెనీ పెద్దకు అతనిని గూర్చి చెప్పెను. 1968 డిసెంబరులో బీచ్ బాయ్స్ బృందము మాన్సన్ కట్టిన పాట నొకదానిని మాటలు మార్చి, విల్సన్ పేరుతో రికార్డుపై విడుదల చేసెను. మాటలు మార్చినందుకు మాన్సన్ మిగుల కోపగించెను.

ఆ వేసవి ముగియకమునుపే విల్సన్ భయపడి, ఆ యింటి నుండి తానే వెళ్లిపోయెను. వారిని వెళ్లగొట్టుటకు ధైర్యము చాలక, ఇంటి యజమానుడే ఇల్లు విడిచెను! ప్రియులారా, దీనిని గమనించుడి. గడప దాటి రానిచ్చుట ఒక్క క్షణము. దాటించి పంపుట ఎంత కష్టమో ఆ యువకుడు నేర్చుకొనెను.

ఆ గుంపు స్పాన్ రాంచి అను పాత సినిమా స్థలమునకు చేరెను. 1969లో మెల్చర్ అక్కడికి వెళ్లి మాన్సన్ పాటలు విని, ఒప్పందము చేసికొనక తిరిగిపోయెను. ఆ సంవత్సరము జూలైలో గ్యారీ హిన్‌మన్ అను సంగీతోపాధ్యాయుడు హతుడాయెను. ఇతడు ఆ గుంపువారిని దయతో తన యింట ఉండనిచ్చినవాడు. ఆగస్టు 9 తెల్లవారకముందు, మునుపు మెల్చర్ అద్దెకుండిన సీలో డ్రైవ్ ఇంటిలో ఐదుగురిని చంపిరి. వారిలో షారన్ టేట్ అను సినిమా నటి నిండు గర్భిణి. స్టీవెన్ పేరెంట్ అను బాలుడు 18 ఏండ్లవాడు. ఆ యింటి కావలివానిని చూచిపోవుటకు వచ్చినవాడు. మరుసటి రాత్రి లబియాంకా అను భార్యాభర్తలను వారి యింటనే చంపిరి. సీలో డ్రైవ్ ఇంటికి మాన్సన్ తాను పోలేదు. తన శిష్యులను పంపెను. 1971లో అతనికిని అతని శిష్యులకును మరణశిక్ష విధింపబడెను. 1972లో కాలిఫోర్నియా న్యాయస్థానము మరణశిక్షను కొట్టివేయగా అది యావజ్జీవ శిక్షగా మారెను. అతడు 2017 నవంబరులో 83 ఏండ్ల వయస్సున శిక్ష అనుభవించుచునే చనిపోయెను. డెన్నిస్ విల్సన్ 1983 డిసెంబరులో సముద్రపు రేవులో మునిగి మరణించెను. అప్పటికి 39 ఏండ్లు.

ఇక ఈ సంగతినుండి మనము నేర్చుకొనవలసిన మాటలు నాలుగు.

మొదటిది, పాదములను గూర్చినది. ఆ రాత్రి మాన్సన్ కత్తితో రాలేదు. మోకాళ్లూని వచ్చెను. మన ప్రభువు కూడ ఒక రాత్రి మోకాళ్లూనెను. యోహాను సువార్త 13వ అధ్యాయములో ఆయన శిష్యుల పాదములను కడిగెను. పైకి చూచినచో రెండును ఒకటే. అయితే కడిగిన పిమ్మట ప్రభువు ఏమి చేసెను? మీరును ఒకరి పాదములను ఒకరు కడుగవలెనని శిష్యులకు మాదిరి చూపెను. తరువాత లేచి సిలువ యొద్దకు పోయెను. ముద్దుపెట్టిన పిమ్మట మాన్సన్ ఏమి చేసెను? ఇల్లు తీసికొనెను, కారు తీసికొనెను, స్నేహితులను తీసికొనెను. వినయము ఎటు పోవుచున్నదో చూచి దానిని గుర్తింపవలెను. ప్రభువు వినయము తన ప్రాణము ఇచ్చుటతో ముగిసెను. వంచకుని వినయము ఇతరుల ప్రాణములు తీయుటతో ముగిసెను.

మన యూళ్లకు కూడ బోధకులు వచ్చుచున్నారు. అనేకులు దేవుని సేవకులే. ఎండలో నడచి, దొరికినది తిని, పేదవాని మంచము ప్రక్కన కూర్చుండి ప్రార్థించువారు. అట్టివారిని గాయువలె చేర్చుకొందము. అయితే ఒకడు వచ్చి కన్నీళ్లతో ప్రార్థించి, మూడవ వారమున నీ పొలము కాగితము అడిగినచో, నీ కుమార్తె చదువు మాన్పుమన్నచో, నీ తోబుట్టువులతో మాటలాడవద్దన్నచో, అప్పుడు రెండవ పత్రిక తెరచి చదువుము. ఇది దయలేనితనము కాదు. తన పిల్లలను ప్రేమించు తల్లికి అపొస్తలుడు వ్రాసిన మాట యిది.

రెండవది, పాటను గూర్చినది. పాట ఎంత మంచి దానమో మనకు తెలియును. పత్తి తీయునప్పుడు, మిరప కోయునప్పుడు మన స్త్రీలు పాడు కీర్తనలు ఎన్ని ప్రసంగములకంటె మేలు చేసినవి! అయితే పాట బుద్ధికంటె ముందుగా లోపలికి పోవును. రాగము బాగుండుటవలన మాటలు పరీక్షింపబడక జారిపోవును. మాన్సన్ కట్టిన ఆ పాటకు మొదట పెట్టిన పేరు "లేకుండ పొమ్ము" అను అర్థము గలది. దాని బోధ అదియే. నీవు అను నీవు చెరిగిపోయి, అతనికి లోబడవలెనట. తన శిష్యులకు వారి తల్లిదండ్రులు పెట్టిన పేర్లు తీసివేసి వేరు పేర్లు పెట్టెను. ఎల్.ఎస్.డి. అను మత్తుమందు ఇచ్చి వారి ఆలోచనను కరిగించెను.

"ప్రభువు కూడ తన్నుతాను ఉపేక్షించుకొనుమని చెప్పెను గదా, అది యిదియు ఒకటే కాదా?" అని ఎవరైన అడుగవచ్చును. కానే కాదు. ప్రభువు నిమిత్తము ప్రాణము పోగొట్టుకొన్నవాడు దానిని దక్కించుకొనునని మత్తయి 16వ అధ్యాయము చెప్పుచున్నది. మంచి కాపరి తన గొఱ్ఱెలను పేరుపేరున పిలుచునని యోహాను 10వ అధ్యాయము చెప్పుచున్నది. పేతురు పేతురుగానే యుండెను, మార్త మార్తగానే యుండెను. తోమా సందేహించినప్పుడు ప్రభువు అతనిని వెళ్లగొట్టలేదు; తన గాయములను చూపెను. ఏ బోధకుని యొద్ద ప్రశ్న అడుగుట పాపమగునో, ఆ బోధకుని యొద్ద క్రీస్తు లేడు. ఈ మాట మన పిల్లలకు నేర్పుడి. బెరయవారు పౌలు చెప్పినదానిని సహితము లేఖనములతో పోల్చి చూచిరి. దానికై వారు ఘనులనబడిరి.

మూడవది, లేఖనమును గూర్చినది. ఇది సంఘమైన మనలను మరింత లోతుగా తాకవలెను. 1968 నవంబరులో ఇంగ్లండు దేశపు బీటిల్స్ బృందము తెల్ల అట్టగల రికార్డు నొకటి విడుదల చేసెను. అందలి పాటలలో అనేకములు మన దేశములోని ఋషికేశములో వారు ఆ సంవత్సరము బసచేసిన కాలమున వ్రాసికొన్నవి. మాన్సన్ ఆ రికార్డు వినుచు ప్రకటన గ్రంథము 9వ అధ్యాయము చదివెను. అందలి దూతలే ఈ నలుగురు గాయకులనియు, మిడుతల కవచములే వారి గిటారులనియు, అయిదవ దూత తానే యనియు శిష్యులకు బోధించెను. అగాధపు గుంట ఎడారిలో దొరకుననియు, నల్లవారికిని తెల్లవారికిని ఘోరయుద్ధము జరుగుననియు, అది ముగిసిన తరువాత తామే ఏలుదుమనియు చెప్పెను. ఆ యుద్ధమునకు ఆ రికార్డులోని ఒక పాట పేరు పెట్టెను. ఆ పేరు నిజముగా ఏమిటో తెలియునా? ఇంగ్లండులో తిరునాళ్లలో పిల్లలు జారు బల్ల పేరు! ఆ గాయకులు ఇతనిని ఎరుగరు. ఈ బోధయే హత్యలకు కారణమని న్యాయస్థానములో ప్రభుత్వపక్షపు న్యాయవాది వాదించి గెలిచెను. తరువాతి పరిశోధకులు, 2025 నాటి ఆ చిత్రము కూడ, అది మాత్రమే కారణమా యని ప్రశ్నించిరి. కారణము ఏదైనను, అతడు ఆ అధ్యాయమును అట్లు వాడుకొన్నాడని అతని యొద్ద నుండినవారు సాక్ష్యమిచ్చిరి.

ఇప్పుడు మీరు బైబిలు తెరచి ఆ 9వ అధ్యాయపు చివరి వచనము చూడుడి. అక్కడ దేవుడు మనుష్యుల పాపములను వరుసగా పేర్కొని, వారు మారుమనస్సు పొందలేదని దుఃఖించుచున్నాడు. ఆ వరుసలో మొట్టమొదట ఏమున్నది? నరహత్య. హత్యకు సమర్థనగా ఏ అధ్యాయమును తిప్పుకొనెనో, ఆ అధ్యాయమే హత్యను ఖండించుచు ముగియుచున్నది! లేఖనము తన చివరి వచనమువరకు చదువబడినచో తన్నుతాను కాపాడుకొనును. ముక్కలు చేసి వాడుకొన్నప్పుడే అది దుష్టుని చేతిలో పడును. అరణ్యములో సాతాను కూడ కీర్తనలనుండియే మాటలాడెను గదా. దానికి ప్రభువు ఇచ్చిన జవాబు కూడ లేఖనమే.

గుర్తించుకొనుటకు మరియొక ఆనవాలు కలదు. ఒక జాతివారు మరియొక జాతివారిని నాశనము చేయుదురని ఆశ పెట్టుచు చెప్పబడు ప్రవచనము క్రీస్తుది కాదు. అదే ప్రకటన గ్రంథము 7వ అధ్యాయములో ప్రతి జనములోనుండియు ప్రతి భాషలోనుండియు వచ్చినవారు ఒక్క సింహాసనము ఎదుట నిలిచియున్నారు. మన దేశములో ఒక కులముపై మరియొక కులమునకు పగ పుట్టించు బోధ ఏ వేదికపైనుండి వచ్చినను, బైబిలు చేత పట్టుకొని వచ్చినను, దానికి శుభమని పలుకకుడి.

బైబిలు చేత పట్టుకొని వచ్చినను అనుటకు కారణము కలదు. 1971 ఫిబ్రవరిలో ఫ్లీట్‌వుడ్ మాక్ అను మరియొక సంగీత బృందములోని గిటారు వాద్యకారుడు జెరెమీ స్పెన్సర్ లాస్ ఏంజెల్స్‌లో పుస్తకముల అంగడికి పోయివచ్చెదనని హోటలు విడిచి, తిరిగి రాలేదు. కొన్ని దినములకు, దేవుని పిల్లలు అను పేరుగల గుంపులో చేరియుండగా అతనిని కనుగొనిరి. ఆ గుంపు డేవిడ్ బెర్గ్ స్థాపించినది. వీధులలో యేసు పేరు చెప్పుచు యువకులను చేర్చుకొనినది. ఆ గుంపులో చిన్నపిల్లల విషయమై జరిగిన ఘోరకార్యములు తరువాతి సంవత్సరములలో బయటపడెను. 1978 నవంబరులో గయానా దేశములో జిమ్ జోన్స్ అను పాస్టరు మాట విని తొమ్మిది వందలమందికి పైగా మరణించిరి; వారిలో పిల్లలు మూడవవంతు. వేషము ఏదైనను ఆనవాలు ఒక్కటే. క్రీస్తు నిలువవలసిన చోట ఒక మనుష్యుడు నిలిచియుండును.

నాలుగవది, మన గడపను గూర్చినది. ఇంతవరకు రెండవ పత్రికను ధ్యానించితిమి. ఇక మూడవ పత్రికకు వచ్చుచున్నాము. ఇక్కడ నా హృదయము బరువెక్కుచున్నది.

మాన్సన్ శిష్యులు ఎక్కడినుండి వచ్చిరి? అడవిలోనుండి కాదు. సంఘములలోనుండి కూడ వచ్చిరి. చార్లెస్ వాట్సన్ టెక్సస్ రాష్ట్రములోని చిన్న యూరివాడు. అక్కడి మెథడిస్టు సంఘములో పెరిగెను. ఆ హత్యలలో ముందు నిలిచినవాడు అతడే. లెస్లీ వాన్ హౌటెన్ సంఘపు గాయకబృందములో పాడిన అమ్మాయి. సుసాన్ అట్కిన్స్‌ను గూర్చి ఒక సంగతి కలదు. ఆమె చిన్నదిగా నుండగా తల్లికి కేన్సరు వ్యాధి ముదిరెను. తల్లి ఇక ఆసుపత్రికి పోవలసియుండగా, ఈ అమ్మాయి సంఘపు గాయకబృందమువారిని పిలుచుకొనివచ్చి, తల్లి పడుకొన్న గది కిటికీ క్రింద నిలువబెట్టి క్రిస్మసు పాటలు పాడించెను.

ప్రియులారా, డిసెంబరు నెల రాత్రులలో మన పిల్లలు డోలకు పట్టుకొని ఇంటింటికి పోయి పాడుదురు గదా. ఆ గుంపులో ఒక అమ్మాయిగా ఆమెను తలంచుకొనుడి. ఆమెకు పదిహేను ఏండ్లు నిండిన కాలమున తల్లి చనిపోయెను. ఇల్లు చెదరెను. చదువు ఆగెను. కొన్ని ఏండ్లకు సాన్ ఫ్రాన్సిస్కోలో గిటారు పట్టుకొనిన మనుష్యుడొకడు ఆమెను కుటుంబమని పిలిచెను. 21 ఏండ్ల వయస్సున ఆమె సీలో డ్రైవ్ ఇంటిలో నుండెను.

ఆమె పాపము తల్లి మరణముపైనను మరియొకరిపైనను మోపదగినది కాదు. తల్లులు పోయిన పిల్లలు వేలమంది యున్నారు. వారు హంతకులు కాలేదు. హతులైనవారి రక్తము హేబెలు రక్తమువలె నేలనుండి మొరపెట్టుచున్నది. షారన్ టేట్ తల్లి డోరిస్ టేట్ 1992లో తాను మరణించువరకు, బాధితుల కుటుంబముల మాటను న్యాయస్థానములు వినవలెనని పాటుపడెను. ఆ తల్లి దుఃఖము మరచి మనము క్షమాపణను గూర్చి తేలికగా మాటలాడరాదు. అట్కిన్స్ 1974లోను, వాట్సన్ 1975లోను చెరసాలలో క్రీస్తును నమ్మితిమని చెప్పిరి. అట్కిన్స్ 2009లో శిక్ష అనుభవించుచునే మరణించెను. వాట్సన్ విడుదల కోరినప్పుడెల్ల నిరాకరింపబడెను. సిలువపై దొంగకు పరదైసు దొరకెను గాని సిలువ తప్పలేదు. కృప పాపిని రక్షించును. చిందిన రక్తమును చిందనిదానిగా చేయదు. అందుచేతనే ఆలస్యము కాకమునుపు చేయవలసిన పని మనయెదుట నున్నది.

ఆ పని యేది? ఒక ఇంట తల్లి చనిపోయినప్పుడు మనమందరము పోవుదుము. సమాధి యొద్ద పాడుదుము. ఆదరణ కూటము పెట్టుదుము. మంచిదే. అయితే ఆరవ నెలలో ఆ యింటి గడప ఎవరు త్రొక్కుచున్నారు? ఆ పిల్ల బడికి పోవుచున్నదా యని ఎవరు అడుగుచున్నారు? తండ్రి త్రాగి వచ్చిన రాత్రి ఆ పిల్ల ఏ తలుపు తట్టవలెను? ఆ పిల్ల తట్టగలిగిన తలుపు ఈ యూరిలో ఒకటైన యున్నచో, పట్నములో గిటారు పట్టుకొని నిలిచినవానికి అంత బలము ఉండదు.

మన పిల్లలు తిరువూరునకు, విజయవాడకు, హైదరాబాదునకు చదువు కొరకును పని కొరకును పోవుచున్నారు. హాస్టలు గదులలో, అద్దె గదులలో ఒంటరిగా నుందురు. మార్కులు తగ్గినవాడు ఇంటికి ఫోను చేయుటకు భయపడును. ఎవరినో ప్రేమించి మోసపోయిన అమ్మాయి ఇంటికి వచ్చుటకు సిగ్గుపడును. మనము వారిని గూర్చి ప్రార్థనలో పేరు చెప్పుదుము గాని, వారు తప్పుచేసి వచ్చినప్పుడు గడపయందే నిలువబెట్టి తీర్పు తీర్చుదుము. అప్పుడు వారు తిరిగిపోవుదురు. తప్పు లేనివారికే తెరచు తలుపు దియొత్రెఫే తలుపు. తప్పిపోయిన కుమారుని తండ్రి గడపయొద్ద కూర్చుండి లెక్క అడుగలేదు; దూరమున నుండగానే చూచి పరుగెత్తెను. పరుగెత్తు తండ్రులున్న యూరిలో వంచకునికి శిష్యులు దొరకుట కష్టము.

కాబట్టి ఈ నెలలో మూడు పనులు చేయుదము. తలిదండ్రులారా, దూరముననున్న మీ పిల్లలతో వారమునకు ఒకసారియైన మార్కులను గూర్చి గాని జీతమును గూర్చి గాని అడుగక మాటలాడుడి. "నీవు ఎట్లున్నను ఇల్లు నీదే" యని ఒక్కమాట చెప్పుడి. యువతీ యువకులారా, మీరు వినుచున్న బోధకుడు ఎవడైనను, పాట ఎంత బాగున్నను, ఈ మూడు అడుగుడి: ఇతడు నన్ను క్రీస్తు వద్దకు నడుపుచున్నాడా, తన వద్దకా? నేను ప్రశ్న అడిగినచో సహించునా? నా యింటివారినుండి నన్ను విడదీయుచున్నాడా? సంఘపు పెద్దలారా, గడచిన సంవత్సరములో మరణము జరిగిన ఇండ్లన్నిటికి మరల ఒకసారి పోవుడి. పాట పాడుటకు కాదు, వినుటకు.

చివరి మాట. డెన్నిస్ విల్సన్ ఆ రాత్రి వచ్చునప్పటికి వంచకుడు అప్పటికే లోపలనుండెను. అడుగకయే ప్రవేశించెను. తలుపున గాక వేరొక దారిని ఎక్కువాడు దొంగ యని ప్రభువు చెప్పినది అదియే. అయితే ప్రకటన గ్రంథము 3వ అధ్యాయములో మన ప్రభువును చూడుడి. ఆకాశమును భూమిని కలుగజేసినవాడు, ఏ యింటనైనను అధికారముతో ప్రవేశింపదగినవాడు, వెలుపల నిలిచి తలుపు తట్టుచున్నాడు. స్వరము విని తెరచినవారి యొద్దకే వచ్చును. బలవంతము చేయడు. వచ్చిన తరువాత మన యిల్లు దోచుకొనడు. మనతోకూడ భోజనమునకు కూర్చుండును. తట్టి నిలుచువానికిని చొరబడువానికిని గల భేదము తెలిసికొన్న హృదయమే కాపుదల గల హృదయము.

ప్రార్థింతము: గొఱ్ఱెల మంచి కాపరివైన ప్రభువా, వంచకుని ఎదుట మా తలుపు మూయు ధైర్యమును, దిక్కులేనివాని ఎదుట తెరచు ప్రేమను మాకు దయచేయుము. దూరమున ఒంటరిగా నున్న మా పిల్లలను పేరుపేరున పిలిచి కాపాడుము. హతులైనవారి ఇండ్లను ఓదార్చుము. మా గడప నీ స్వరము విను గడపగా నుండనిమ్ము. నీ నామమున అడుగుచున్నాము. ఆమేన్.